600 రూపాయల కిట్టు: కరోనా కొనుగోళ్ల బిల్లును చదవడం ఎలా?

2020 ఏప్రిల్‌లో భారత వైద్య పరిశోధన మండలి, అంటే అప్పట్లో మనం రోజూ టీవీలో విన్న ఐసీఎంఆర్, చైనా నుంచి ర్యాపిడ్ కిట్లు తెప్పించింది. కిట్టంటే పెద్ద యంత్రమేమీ కాదు, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక. వేలి కొసన సూదితో పొడిచి, ఆ రక్తపు చుక్కను పలకలోని చిన్న గుంటలో వేసి, దాని మీద రెండు చుక్కల ద్రవం పోస్తే పావుగంటలో గీతలు తేలతాయి. ఒక్కో పలక ఖరీదు 600 రూపాయలు. ఆర్డరు 5 లక్షల కిట్లకు. మొత్తం 30 కోట్లు.

సరుకు విమానం దిగిన కొద్దిరోజులకే దిగుమతి చేసుకున్న వ్యాపారికీ, పంపిణీ తీసుకున్న వ్యాపారులకూ బాకీ డబ్బు దగ్గర పేచీ వచ్చింది. తగువు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. అక్కడ బయటపడింది అసలు లెక్క: ఆ కిట్టు మన దేశంలో దిగేసరికి పడిన ధర 245 రూపాయలు. ఏప్రిల్ 24న కోర్టు, జీఎస్టీతో కలిపి 400 రూపాయలకు మించి అమ్మడానికి వీల్లేదని చెప్పింది. ఈ తేడాను ఏ ఆడిటరూ పట్టుకోలేదని గమనించండి. పంచుకునేవాళ్లకు పంపకం కుదరక బయటికొచ్చింది.

245కీ 600కీ మధ్య తేడా 355 రూపాయలు. 5 లక్షల కిట్లకు 17 కోట్ల 75 లక్షలు. నెలకు 25,000 జీతం వేసుకుంటే 590 మంది నర్సులకు ఏడాది పొడుగునా ఇవ్వగల డబ్బు. ఇక్కడితో ఆపేస్తే ఇది శుద్ధ దోపిడీ కథ. కానీ బిల్లులో ఇంకా చదవాల్సిన గళ్లున్నాయి.

ఐసీఎంఆర్ పిచ్చిదా, 245 రూపాయల వస్తువును 600కు కొనడానికి? ఆరోగ్య శాఖ ఏప్రిల్ 27న ఇచ్చిన వివరణ ఇది. ఈ కిట్లకు వచ్చిన ధరలు నాలుగు: 1,204, 1,200, 844, 600. అందులో అందరికంటే తక్కువ 600. ప్రభుత్వ భాషలో ఇలా అతి తక్కువ ధర చెప్పినవారిని ఎల్1 అంటారు, అంటే వరసలో మొదటివారు. చైనా నుంచి నేరుగా తెప్పించే దారీ చూశారు. ఆ పద్ధతిలో మొత్తం సొమ్ము ముందే కట్టాలి, దానికి హామీ ఏదీ ఉండదు, రవాణా బాధ్యత అమ్మేవాళ్లది కాదు, ధర డాలర్లలో. అందుకని సరుకు చేరాక డబ్బిచ్చే షరతు మీద ఇక్కడి పంపిణీదారు దగ్గరే కొన్నారు.

ఆ తర్వాతేమైందంటే, అప్పటికే కరోనా ఉందని తేలిన రోగులకు పరీక్ష చేసి చూస్తే నూటికి 5.4 మందిలోనే సరిగా చూపుతున్నాయని రాజస్థాన్ చెప్పింది. (ఒక సంగతి ఆ కిట్ల పక్షాన కూడా చెప్పాలి. అవి వెతికేది వైరస్‌ను కాదు, వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను. జబ్బు మొదలైన తొలి రోజుల్లో అవి సరిపడా ఉండవు.) ఏప్రిల్ 27న ఆ కిట్లు వాడొద్దని, వెనక్కి పంపేయమని ఐసీఎంఆర్ రాష్ట్రాలకు రాసింది. ఆర్డరు రద్దయింది. ఒక్క రూపాయి కూడా చెల్లించలేదు కాబట్టి ఖజానాకు నష్టం లేదని ఆరోగ్య శాఖ ప్రకటించింది.

ఇప్పుడు లెక్క తిరగేయండి. అదే కిట్టు 245కే నేరుగా దొరికి, 12 కోట్ల 25 లక్షలు ముందే పంపేశామనుకుందాం. పని చేయని సరుకు మన గోదాములో, డబ్బు చైనాలో. 600 రూపాయల అరువు బేరం చివరికి సున్నాకు తేలింది. చవక బేరమైతే పన్నెండు కోట్ల వసూలు దావా అయ్యేది. అలాగని 355 రూపాయల తేడాను సమర్థించడం లేదు. ఆ నష్టభయానికి 155 రూపాయలు చాలని కోర్టే లెక్కగట్టింది, నాకూ అదే సబబనిపిస్తుంది. ధర ఎంత అన్నదాని కంటే, డబ్బు ఎప్పుడు చేతులు మారుతుంది అన్న షరతు మనల్ని కాపాడింది.

అంత గందరగోళం ఎందుకు, టెండరు పిలిస్తే సరిపోయేది కదా అంటారా? టెండరుకు టైము కావాలి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లన్నీ 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం నడుస్తాయి. దాని ప్రకారం బహిరంగ టెండరుకు ధరలు పంపడానికి మామూలుగా కనీసం 3 వారాలు, విదేశీ కంపెనీలు కూడా పాల్గొనేదైతే 4 వారాలు గడువివ్వాలి. ఆ తర్వాత నమూనాల పరీక్ష, బేరం, ఉత్తర్వు, రవాణా. 2020 మార్చి ఆఖర్లో నాలుగు వారాలంటే దేశం ముఖచిత్రమే మారిపోయేంత కాలం. అందుకే అదే నియమావళి ఒక తలుపు తెరిచి ఉంచింది: అత్యవసరమైతే కారణం రాసిపెట్టి ఒకే సంస్థ దగ్గర నేరుగా కొనొచ్చు. మన దగ్గర దీన్ని నామినేషన్ పద్ధతి అంటాం. కాబట్టి నామినేషన్ మీద కొన్నారు అన్నంత మాత్రాన అది నేరం కాదు. రాసిన కారణమేమిటో, ఆ పద్ధతి ఎన్నాళ్లు సాగించారో అడగాలి. ఏప్రిల్‌లో అత్యవసరం అన్నది అక్టోబరులోనూ అత్యవసరమే అంటే అప్పుడు కనుబొమ్మ ఎగరేయాలి.

ధర విషయంలోనూ ఇంతే. పండగ ముందురోజు బంతిపూల బేరం చేసినవారికెవరికైనా తెలుసు, నిరుడు శ్రావణంలో కొన్న ధర గుర్తుచేస్తే పూలమ్మి మొహం తిప్పుకుంటుంది. ప్రపంచంలోని దేశాలన్నీ ఒకే వారంలో ఒకే వస్తువు కోసం ఎగబడినప్పుడు కిందటి నెల ధరతో పోల్చి లాభం లేదు. పోల్చాల్సింది అదే వారంలో అదే వస్తువును పక్కవాడు ఎంతకు కొన్నాడన్నది.

సరిగ్గా ఆ పోలికే ఆంధ్రప్రదేశ్‌ను చిక్కులో పెట్టింది. 2020 ఏప్రిల్ 17న రాష్ట్రానికి దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు వచ్చాయి. ధర 730 రూపాయలు. ఆ వెంటనే ఛత్తీస్‌గఢ్, అదే కంపెనీ మన దేశంలోని ప్లాంటులో తయారుచేసిన కిట్లను 337 రూపాయలకు, పన్ను అదనం, 75 వేలు కొన్నట్టు ప్రకటించింది. పన్ను పక్కన పెడితే తేడా 393. లక్ష కిట్లకు దాదాపు 4 కోట్లు. ప్రతిపక్షాలు విరుచుకుపడ్డాయి.

ప్రభుత్వం చూపిన జవాబు కొనుగోలు ఉత్తర్వులోని ఒక షరతు: ఇంకెవరికైనా ఇంతకంటే తక్కువకు అమ్మితే ఆ తక్కువ ధరే మాకూ వర్తిస్తుంది. కొనుగోలు విభాగాల్లో ఇలాంటిదాన్ని ఫాల్ క్లాజు అంటారు. ధర పడితే మనకూ పడాలి అన్నది దాని సారం. కాబట్టి ఆ తక్కువ ధరే చెల్లిస్తామని అధికారులు చెప్పారు. పత్రికల్లో 730 పతాక శీర్షికల్లో వచ్చింది, షరతు లోపలి పేజీకి పోయింది. నన్నడిగితే, కరోనా కాలపు కొనుగోళ్లన్నిటిలో సామాన్యుడు తెలుసుకోవాల్సిన వాక్యం ఏదైనా ఉందంటే ఈ ఒక్క వాక్యమే. ధర ఎటు పోతుందో తెలియని రోజుల్లో కొనేవాడి చేతిలో ఉండే ఆయుధం అది. అయితే ఉత్తర్వులో రాసి ఉంటే చాలదు. సరఫరాదారు ఇంకెక్కడ ఎంతకు అమ్ముతున్నాడో చూస్తుండే మనిషి కూడా ఉండాలి. ఛత్తీస్‌గఢ్ తన ధరను చాటుకుని ఉండకపోతే ఆ షరతుకు పని పడేదా అన్నది మాత్రం ఆలోచించాల్సిందే.

వెంటిలేటర్ల సంగతి చిన్నదే, చెప్పేసి ముందుకు పోదాం. ప్రధాని పేరిట విరాళాలతో ఏర్పడిన పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు 2,000 కోట్లు కేటాయించారు. భాగిస్తే ఒక్కోటి 4 లక్షలు. ఈ సగటు దేనికీ కొరగాదు. ఉదాహరణకు విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌కు వచ్చిన ఆర్డరే రెండు రకాలు: 5,650 సాదా యంత్రాలు, 4,000 ఉన్నత శ్రేణివి. రెండూ ఒకే ధర కావు, ఒకే పనికీ రావు. సగటు ధర చూపించి చవకని మురిసినా, ఖరీదని తిట్టినా తూకం తప్పినట్టే.

ఆక్సిజన్ దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. అక్కడ డబ్బు లెక్క బాగుంది, కాలం లెక్క తప్పింది. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి నేరుగా ఆస్పత్రి గొట్టాల్లోకి పంపే యంత్రాన్ని పీఎస్ఏ ప్లాంటు అంటారు. ఇలాంటివి 162 ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెట్టడానికి 2020 అక్టోబరులో టెండరు పిలిచారు. 2021 జనవరి 5న పీఎం కేర్స్ నుంచి 201.58 కోట్లు మంజూరయ్యాయి. అందులో ప్లాంట్లు, వాటి బిగింపు, కొనుగోలు సంస్థ రుసుముతో కలిపి 137.33 కోట్లు. మిగతా 64.25 కోట్లు నిర్వహణకు.

భాగహారం చేస్తే ప్లాంటు ఒక్కోటి 85 లక్షలు. నిర్వహణ ఒక్కోదానికి సుమారు 40 లక్షలు. ఇదెందుకంత అనిపిస్తుంది. మొదటి మూడేళ్లు వారంటీ, ఆ తర్వాత ఏడేళ్లు ఈ నిర్వహణ ఒప్పందం. 40 లక్షలను 84 నెలలకు పంచితే నెలకు 47 వేల పైచిలుకు. 85 లక్షల యంత్రానికి అది దుబారా కాదు. నిర్వహణ ఒప్పందం లేకుండా చవకగా కొని, రెండేళ్లకు గుడ్డ కప్పి మూల పడేసిన యంత్రాలు ఏ జిల్లా ఆస్పత్రికి వెళ్లినా కనిపిస్తాయి.

మరి ఆ 85 లక్షలకు ఏమొస్తుంది? 162 ప్లాంట్ల మొత్తం సామర్థ్యం 154.19 టన్నులు. అంటే ఒక్కోటి రోజుకు ఒక టన్నుకు కాస్త తక్కువ. ఆస్పత్రి వరండాల్లో మనిషెత్తు నిలబడి ఉండే జంబో సిలిండరు చూశారుగా, దానిలో సుమారు 7,000 లీటర్ల వాయువు పడుతుంది. ఒక ప్లాంటు రోజుకు అలాంటివి దాదాపు 100 నింపినంత. నిమిషానికి 10 లీటర్లు పీల్చే రోగికి రోజుకు రెండు సిలిండర్లు కావాలి. కాబట్టి ఒక ప్లాంటు 50 మందిని రోజంతా నిలబెడుతుంది. సిలిండరు ఆక్సిజన్‌కు 2020 సెప్టెంబరులో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర ఘనపు మీటరుకు 25.71 రూపాయలు, పన్ను కాక. ఆ లెక్కన జంబో సిలిండరు నింపడానికి 180 రూపాయలు, వందకు 18 వేలు. కరెంటు ఖర్చు పక్కన పెడితే, నిండా నడిచే ప్లాంటు తన ఖరీదును పదిహేను పదహారు నెలల్లో రాబట్టుకుంటుంది. ఇంత మంచి బేరం ప్రభుత్వాలకు తరచుగా దొరకదు.

2021 ఏప్రిల్ 18 నాటికి, రెండో అల మీద పడి జనం సిలిండర్ల కోసం ఊరూరా తిరుగుతున్న రోజున, 162లో బిగించినవి 33. మిగిలిన 129 ప్లాంట్లను యాభైతో గుణించండి. దాదాపు 6,400 మందికి రోజంతా సరిపోయే ఊపిరి. కొనుగోలు ఉత్తర్వు మీద సంతకం పడగానే పని అయిపోయిందనుకునే అలవాటు మనది. సిమెంటు దిమ్మె, కరెంటు కనెక్షను, మంచం దాకా రాగి గొట్టం, ఇవన్నీ అమరితే తప్ప ప్లాంటు ప్లాంటు కాదు. వాటికి గడువు, గడువు తప్పితే జరిమానా ఎవరి మీదో ఉత్తర్వులోనే తేలాలి.

ఇక టీకాలు. మొదటి ఆర్డరు 2021 జనవరిలో వెళ్లింది. కోవిషీల్డ్ 1 కోటి 10 లక్షల డోసులు, ఒక్కోటి 200 రూపాయలు, 5 శాతం జీఎస్టీతో 210. మొత్తం 231 కోట్లు. మన హైదరాబాద్ కోవాగ్జిన్ 55 లక్షల డోసులు. అందులో 38 లక్షల 50 వేలకు 295 రూపాయల చొప్పున, మిగతా 16 లక్షల 50 వేలు ఉచితం. సగటు తీస్తే డోసు 206 రూపాయల 50 పైసలు. బిల్లు మీద 295, చేతికి పడింది 206: ఏ అంకె చూపించి వాదించినా అబద్ధమాడినట్టు కాదు, రెండూ చూపించకపోతేనే.

తర్వాత కేంద్రానికి ధర 150కి దిగింది. మే, జూన్, జులై నెలల కోసం 11 కోట్ల కోవిషీల్డ్ డోసులకు 1,732.50 కోట్లు, 5 కోట్ల కోవాగ్జిన్ డోసులకు 787.50 కోట్లు ముందే లెక్కగట్టారు. భాగిస్తే రెండిటికీ పన్నుతో 157 రూపాయల 50 పైసలు. మొత్తం సొమ్ము అడ్వాన్సు. ఇందాక కిట్ల దగ్గర అడ్వాన్సు ఇవ్వకపోవడమే మేలైందన్నారుగా అని మీరు నిలదీయొచ్చు. మామూలు రోజుల్లో ప్రైవేటు సంస్థకు నియమావళి ఒప్పుకునే అడ్వాన్సు నూటికి 30 దాకానే. టీకాల తేడా ఏమిటంటే, తయారీదారులు ఇక్కడే ఉన్నారు, సరుకు నాణ్యత అప్పటికే తేలింది, ఆ డబ్బుతోనే ఉత్పత్తి పెరగాలి. పైగా ఆ అడ్వాన్సు వెళ్లింది ఏప్రిల్ ఆఖర్లో. నాకున్న ఫిర్యాదల్లా, అది ఇంకా ముందే వెళ్లాల్సిందన్నదే.

2021 మే 1 నుంచి ఒకే సీసాకు మూడు ధరలొచ్చాయి. కోవిషీల్డ్ కేంద్రానికి 150, రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆస్పత్రులకు 600. కోవాగ్జిన్ 150, 400, 1,200. రాష్ట్రాల ధరలు మొదట 400, 600 అని ప్రకటించి విమర్శలొచ్చాక తగ్గించినవి. రాష్ట్రాలు తమలో తాము పోటీపడే కొనుగోలుదార్లయ్యాయి. ఆంధ్రప్రదేశ్ కోటి డోసులకు, తెలంగాణ కోటి డోసులకు గ్లోబల్ టెండర్లు పిలిచాయి. ఒక్క బిడ్ కూడా రాలేదు. రాష్ట్రాలతో కాదు, కేంద్రంతోనే మాట్లాడతామని ఫైజర్, మోడెర్నా పంజాబ్, ఢిల్లీలకు చెప్పేశాయి. సరుకు కరువైనప్పుడు కొనేవాళ్లు ఎక్కువైతే బలం అమ్మేవాడిది. ఇది చెప్పడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు, కానీ చెప్పడానికి సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది. 18 నుంచి 44 ఏళ్లవారికి రాష్ట్రాలే కొని వేయాలన్న విధానం పైకి చూస్తే ఏకపక్షంగా, హేతువు లేకుండా ఉందని మే 31న తప్పుబట్టింది. బడ్జెట్టులో టీకాలకు పెట్టిన 35,000 కోట్ల లెక్క చెప్పమంది. జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రమే కొనే పద్ధతి వచ్చింది.

ప్రైవేటులో వేయించుకున్న నలుగురి కుటుంబం సంగతి చూద్దాం. అప్పటి గరిష్ఠ ధర కోవిషీల్డ్‌కు 780. అందులో టీకా 600, జీఎస్టీ 30, ఆస్పత్రి సేవా రుసుము 150. కోవాగ్జిన్‌కు 1,410. మనిషికి రెండు చొప్పున 8 డోసులు: కోవిషీల్డ్ అయితే 6,240, కోవాగ్జిన్ అయితే 11,280. అదే జులైలో కేంద్రం ఇచ్చిన 66 కోట్ల డోసుల ఆర్డరులో పన్నుతో ధరలు 215 రూపాయల 25 పైసలు, 225 రూపాయల 75 పైసలు. మొత్తం సుమారు 14,505 కోట్లు. నలుగురి 8 డోసులకు ఖజానా ఖర్చు 1,760 రూపాయల దగ్గర తేలుతుంది.

ఒక్కరే కొంటే ధర తగ్గాలి కదా, పన్ను కాక 150 ఉన్నది 205, 215 ఎందుకైంది? గట్టిగా పిండిన ధర ఎక్కువకాలం నిలవదు. 150 రూపాయలకు సరఫరా దీర్ఘకాలం సాగదని కోవాగ్జిన్ తయారుచేసే భారత్ బయోటెక్ జూన్‌లోనే బహిరంగంగా చెప్పింది. అమ్మేవాడు బతికుండాల్సిన అవసరం కొనేవాడికీ ఉంటుంది.

టీకాల లెక్కలో నాకు బాగా నచ్చిన అంకె కేరళది. 2021 మే మొదటి వారానికి కేంద్రం నుంచి వాళ్లకు వచ్చినవి 73,38,806 డోసులు. వేసినవి 74,26,164. సీసాలో పది డోసుల పైన మిగిలే ఆ కాస్తనూ నర్సులు జాగ్రత్తగా లాగి పదకొండో డోసు చేశారు. అదనంగా 87,358. డోసు 157 రూపాయల 50 పైసలే వేసుకున్నా 1 కోటి 37 లక్షలు. ఏ టెండరు బేరంలోనూ రాని తగ్గింపు.

మన దగ్గరే ఇలా అనుకోకండి. బ్రిటన్ 2020–21లో పీపీఈ దుస్తులు, మాస్కులు, గ్లోవ్స్ కోసం పెట్టిన 1,210 కోట్ల పౌండ్లలో 870 కోట్ల పౌండ్ల విలువను ఆరోగ్య శాఖ లెక్కల్లోంచి కొట్టేసింది. నూటికి 72. పాడైనవీ పనికిరానివీ అందులో ఒక వంతే. అన్నిటికంటే పెద్ద ముక్క, 470 కోట్లు, ధర శిఖరం మీద ఉన్నప్పుడు కొన్నందుకు వచ్చిన నష్టం. ఫాల్ క్లాజు గురించి అంతసేపు ఎందుకు మాట్లాడానో ఇప్పుడు తెలిసిందిగా. అక్కడ రాజకీయ నాయకులు, అధికారులు సిఫారసు చేసిన కంపెనీలకు ప్రత్యేక వరస పెట్టారు. ఆ వరసలో పదింటిలో ఒకదానికి కాంట్రాక్టు దక్కితే, మామూలు దారిలో వచ్చినవాటిలో నూటికి ఒకటి కూడా దక్కలేదు. 2022 జనవరిలో లండన్ హైకోర్టు ఆ ప్రత్యేక వరస చట్టవిరుద్ధమంది.

మీ జిల్లా ఆస్పత్రిలో కొన్న పరికరం గురించి మీరూ అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పీఎం కేర్స్ నిధి మాత్రం ఈ చట్టం కిందికి రాదని ప్రధాని కార్యాలయం 2020లోనే చెప్పింది. కానీ పరికరం చేరిన ప్రభుత్వ ఆస్పత్రి చట్టం కిందికే వస్తుంది. ధర ఎంత అని మాత్రమే అడిగితే ఒక అంకె వస్తుంది. కొనుగోలు ఉత్తర్వు నకలు, డబ్బు చెల్లించిన తేదీ, పరికరం పని మొదలుపెట్టిన తేదీ, నిర్వహణ ఒప్పందం ఎప్పటిదాకా ఉందో, ఈ నాలుగూ ఒకే దరఖాస్తులో అడగండి.